హెల్త్ క్లెయిమ్ తిరస్కరించారు, అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. బీమా కంపెనీలపై ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అధికారే అంబుడ్స్‌మన్. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. కాకపోతే ముందు బీమా కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా అంబుడ్స్‌మన్‌కు రాయండి. దీనికి ఏడాది గడువుంది. కస్టమర్ కేర్‌కు ఫోన్లు చేస్తూ కూర్చుని ఆ గడువు పోగొట్టుకోకండి, దయచేసి.

అసలు బలం తిరస్కరణ లేఖలోనే ఉంటుంది. కంపెనీ ఏ క్లాజు చూపించిందో చదవండి. ‘ముందునుంచే ఉన్న జబ్బు’ అంటే, దానికి ఆధారం ఏమిటో అడగండి. డిశ్చార్జి సమ్మరీలో ‘బీపీ పదేళ్లుగా’ అని పొరపాటున పడిన ఒక్క మాట చాలు, క్లెయిమ్ ఆగిపోవడానికి. అలాంటప్పుడు ఆ డాక్టరు దగ్గరే సవరణ లేఖ తీసుకుని ఫిర్యాదుకు జతచేయండి. నా దృష్టిలో ఎన్ని పేజీల వాదన రాసినా ఆ ఒక్క కాగితానికి సాటిరాదు.

2017 నాటి నిబంధనల కింద నడిచే ఈ వ్యవస్థలో ఇప్పుడు 50 లక్షల రూపాయల దాకా పరిహారం ఇప్పించవచ్చు. తీర్పుకు కంపెనీ కట్టుబడాల్సిందే, 30 రోజుల్లో అమలు చేయాలి. మీకు నచ్చకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి తెరిచే ఉంటుంది. అక్కడ ముందే కేసు వేసి ఉంటే మాత్రం అంబుడ్స్‌మన్ మీ ఫిర్యాదు తీసుకోరు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. ఆన్‌లైన్‌లో కూడా ఫిర్యాదు చేయొచ్చు.