రాత్రి వంటకు మూడు కాగితాలు

చిరంజీవి అమ్మలుని పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

మొన్న ఫోన్లో "వండటం కష్టం కాదు పెద్దమ్మా, ఏం వండాలో తేలకే ప్రాణం పోతోంది" అన్నావు చూడు, ఆ మాట పట్టుకునే ఈ ఉత్తరం. యూట్యూబ్ చూసి నెలకి ముప్పై వంటకాల పట్టిక రాసి ఫ్రిజ్‌కి అంటించి, రెండో వారానికే పీకేశావట. అందులో నీ బద్ధకమేమీ లేదు. ఆ పట్టికే నిలిచేది కాదు. గురువారం గుత్తివంకాయ అని రాసుకుంటావు, ఆ రోజు బజార్లో లేత వంకాయ దొరకదు. అక్కడితో పట్టిక తెగిపోతుంది, మళ్లీ సాయంత్రం ఆరింటికి టెన్షన్ మొదలు.

అందుకని వంటకం పేరు రాయొద్దు. ఏ రోజు ఏ తరహా వంటో అది మాత్రం రాయి. సోమవారం పప్పు, మంగళవారం పులుసు, బుధవారం వేపుడూ చారూ, గురువారం రొట్టే కూరా, శుక్రవారం కలిపిన అన్నం, శనివారం టిఫిన్. ఆదివారం మధ్యాహ్నం ఎలాగూ కోడి కూరో చేపల పులుసో ఉంటుంది కాబట్టి రాత్రికి అదే, అన్నం ఒక్కటి వండితే చాలు. ఈ వరస ఏడాదంతా మారదు. మారేది అందులో పడే కాయ. అది కాలమే చెబుతుంది.

ఈ వరస ఊరికే పెట్టలేదు. నువ్వు ఆదివారం పొద్దున కూకట్‌పల్లి రైతు బజారుకి వెళ్తావు కదా. సంచిలో అన్నిటికంటే ముందు వాడిపోయేది ఆకుకూర, కనుక సోమవారమే అది పప్పులోకి వెళ్లాలి. బెండకాయ కూడా ఎక్కువ రోజులు ఆగదు, ముదిరి పీచవుతుంది, అది మంగళవారం పులుసులోకి. దొండ, కాకర ఇంకో రోజు ఓపిక పడతాయి, బుధవారం వేపుడు. గురువారానికి బంగాళాదుంపలో, పొద్దున్నే నానేసిన శనగలో అలసందలో చాలు. శుక్రవారం నిమ్మకాయో మామిడికాయో ఉంటే పులిహోర అయిపోతుంది. శనివారానికి సంచి ఖాళీ అయినా ఫరవాలేదు, పిండి ఉంటే టిఫిన్ ఉన్నట్టే. మీ ఇంట్లో వారానికోసారి ఆకుకూర కట్టలు చెత్తబుట్టలోకి వెళ్లేది ఈ వరస తప్పడం వల్లే.

ఇక కాలాలు. మూడు కాగితాలు చాలు. ఉగాది నుంచి మృగశిర కార్తె దాకా ఒకటి, మృగశిర నుంచి దీపావళి దాకా ఒకటి, అక్కడి నుంచి మళ్లీ ఉగాది దాకా ఒకటి. మృగశిర జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది, ఆ రోజు మీ ఇంట్లో చేపలు తెచ్చుకునే ఆనవాయితీ ఉంది కాబట్టి మర్చిపోయే సమస్యే లేదు. కాగితం మీద ఒక్కో రోజు పేరు కింద నాలుగేసి వంటకాల పేర్లు రాయి, అంతకంటే వద్దు. నాలుగు వారాల దాకా తిన్నదే తిన్నామని పిల్లలు మూతి ముడవరు.

మచ్చుకి పులుసు రోజు చూడు. వేసవిలో ఆనపకాయ ముక్కల్లో చింతపండుకి బదులు మామిడికాయ వెయ్యి. ఎండ మరీ మండే రోజున పొయ్యి జోలికే పోకుండా మీ అత్తగారి వైపు చేసే పచ్చి పులుసు, ఉల్లిపాయ ముక్కలు, వేయించిన నువ్వుల పొడి వేసి. దాని పక్కన ముందే చేసి పెట్టిన కంది పచ్చడి ఉంటే ఇంకేం కావాలి? వానాకాలం బెండకాయ పులుసు, గోంగూర పులుసుకూర. చలికాలం వచ్చేసరికి గుమ్మడికాయ, చిలగడదుంప, ముల్లంగి అన్నీ కలిపి బెల్లం వేసిన దప్పళం. నా మట్టుకు నాకు ఏడాదిలో తినదగ్గ పులుసు అదే. ఇన్ని రుచుల్లోనూ నీ చేతి పని ఒక్కటే, చింతపండు రసం, ముక్కలు, పోపు. చెయ్యి అలవాటు పడిపోతే బుర్రకి పని ఉండదు.

పప్పు సంగతీ అంతే. వేసవికి మామిడికాయ, చింతచిగురు. వానలకి గోంగూర, తోటకూర, బీరకాయ, ఆషాఢంలో ఒకసారి మునగాకు. చలికాలం పాలకూర, మెంతికూర, టమాటా. టమాటా పప్పుని చలికాలం కాగితంలోనే ఎందుకు పెట్టమంటున్నానంటే, అప్పుడే కాయ బాగుంటుంది, చవకా. 2023 జూలైలో కిలో 100 దాటి కొన్నిచోట్ల 200 దాకా పోయింది గుర్తుందా? ఆ నెలల్లో పులుపుకి చింతపండు, గోంగూర, చుక్కకూర ఉండగా టమాటా వెంటపడటం దేనికి?

బుధవారం వేపుడుకి ఎండాకాలం దొండ, వానాకాలం కాకర, నెలకోసారి బోడ కాకర (అది కొంటే ఆ వారం మిగతావన్నీ చవకవి చూసుకో), చలికాలం చిక్కుడు, వంకాయ, క్యాబేజీ. శుక్రవారం వేసవికి మామిడికాయ పులిహోర, వానలకి నిమ్మకాయ లేదా కొబ్బరన్నం, కార్తీకంలో ఉసిరికాయ పులిహోర. కార్తీకం అన్నాను కాబట్టి ఒక మాట. మీ ఇంట్లో ఆ నెల ఉల్లి, వెల్లుల్లి ముట్టరు కదా. చలికాలం కాగితంలో ఉల్లి లేకుండా కుదిరే పేర్ల పక్కన చిన్న చుక్క పెట్టుకో, అప్పుడు నెలంతా వెతుక్కోనక్కర్లేదు.

బజారుకి కాగితం తీసుకెళ్లు, కానీ దాన్ని వేదం చెయ్యకు. 1999లో రైతు బజార్లు వచ్చాక మా బెజవాడలో ఆడవాళ్లందరికీ ముందు ధరల బోర్డు చదవడం అలవాటైంది. నువ్వూ అదే చెయ్యి. పులుసు కింద రాసిన నాలుగింటిలో ఆ రోజు ఏది లేతగా, చవకగా ఉంటే అదే ఆ వారం పులుసు. నాలుగూ బాగోలేకపోతే పక్కనున్న ఆనపకాయ పట్టుకొచ్చెయ్. ఆనపకాయ పనికిరాని తరహా లేదు.

ఆదివారం సాయంత్రం ఒక గంట పెట్టుకో, అంతకు మించి వద్దు. చింతపండు నానబెట్టి గుజ్జు తీసి ఉప్పు వేసి ఉడికించి సీసాలో పెడితే ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. ఆకుకూర కడగకుండా వేళ్లు కోసి, పాత గుడ్డలో చుట్టి పెట్టు. తడితో పెడితే కుళ్లుతుంది. వానాకాలంలో ఆకుల్లో మట్టీ పురుగూ ఎక్కువ, వండే ముందు ఉప్పునీళ్లలో రెండుసార్లు జాడించు. ఒక పొడి కొట్టి పెట్టు, కందిపొడో కరివేపాకు పొడో. నీకు ఆఫీసులో ఆలస్యమైన రోజున పెసరపప్పు కట్టు, పొడి, అప్పడం. కందిపప్పులా నానబెట్టే పని లేదు, తొందరగా ఉడుకుతుంది. అదీ చేసే ఓపిక లేకపోతే బయట నుంచి తెప్పించుకోండి, కొంపేం మునగదు.

ఇంట్లో వాళ్ల సంగతి జాగ్రత్తగా విను. కాగితం నువ్వే రాసేసి గోడకి అంటిస్తే మీ అత్తగారికి అది నోటీసులా కనిపిస్తుంది. పులుసు వరసా, టిఫిన్ వరసా ఆవిడనే చెప్పమను, నువ్వు రాయి. వాన పడే శనివారం సర్వపిండి ఆవిడ చేత్తో చేసినట్టు నీకూ రాదు, నాకూ రాదు. మామగారికి షుగరు కాబట్టి గురువారం జొన్న రొట్టె ఖాయం చెయ్యి, మిగతావాళ్లకి చపాతీ కావాలంటే అల్లుడుగారు ఒత్తుతారు. నవ్వకు, ఆ బంగాళాదుంప కూర కూడా ఆయనకే అప్పగించు. గురువారం రాత్రి ఆయన వంట అని కాగితం మీద పేరు పడితే తప్పించుకోవడం కష్టం. పిల్లలకి శనివారం టిఫిన్ ఎంచుకునే హక్కు ఇవ్వు, వరసగా రెండు వారాలు ఒకటే అడగకూడదన్న షరతు మీద.

కొత్తలో పిల్లవాడు బీరకాయ పప్పు చూసి గోల చేస్తాడు. వాడికి వేరే వంట మొదలుపెట్టావా, నీ పని రెట్టింపు. పప్పులో నెయ్యి వేసి, పెరుగన్నం ఎలాగూ ఉందని చెప్పి ఊరుకో.

మూడు కాగితాలూ ఒకేసారి రాయకు. ఇప్పుడు వానాకాలంది ఒక్కటి రాసి నాకు ఫోటో పంపు, దీపావళికి మీరు వచ్చినప్పుడు చలికాలంది ఇద్దరం కూర్చుని రాద్దాం. ఈ ఉత్తరం తెచ్చే తమ్ముడి చేత రెండు డబ్బాల కందిపొడి పంపిస్తున్నాను. ఎర్ర మూత డబ్బాలో వెల్లుల్లి ఉంది, మీ అత్తగారికి తెల్ల మూతది ఇవ్వు.

ఇట్లు,
మీ పెద్దమ్మ