కాంటాక్ట్ లెన్స్ వల్ల కంట్లో ఫంగస్ వస్తుందా అంటే, వస్తాది

మీరడిగింది లెన్స్ పెట్టుకునే కన్ను ఎర్రబడితే మెడికల్ షాపు డ్రాప్స్ వేశాను, తగ్గినట్టే తగ్గి మళ్ళీ నొప్పి ఎక్కువైంది, ఫంగస్ అంటున్నారు, అది పొలం పన్లు చేసేవాళ్ళకి కదా వచ్చేది అని. నిజమే, మన నెల్లూరు సైడ్ ఎక్కువగా వరికోతలప్పుడు ఆకు గీసుకునో, వడ్లగింజ ఎగిరి పడో వస్తాది, కానీ లెన్స్‌తో కూడా వస్తాది. 2005-06లో సింగపూర్, హాంకాంగ్, అమెరికాల్లో లెన్స్ వాడేవాళ్ళకి వరసగా ఫ్యుజేరియం అనే ఫంగస్ వస్తే రెన్యూ మాయిశ్చర్‌లాక్ అనే లెన్స్ కడిగే సొల్యూషన్‌ని 2006 మేలో ప్రపంచమంతా వెనక్కి తీసుకున్నారు, ఒక్క అమెరికాలోనే 164 కేసులు తేలినాయి.

మా ఆడపడుచు కూతురు కావలిలో ఉంటాది, దానికీ అచ్చం ఇట్నే. షాపులో ఇచ్చిన సీసా తిప్పి చూస్తే చిన్నక్షరాల్లో డెక్సామెథసోన్ అని ఉండాది, అంటే స్టెరాయిడ్. ఎరుపు టక్కున తగ్గుద్ది కాబట్టి మంచి మందే అనుకుంటాం, లోపల ఫంగస్ మాత్రం ఇంకా పెరుగుద్ది. అడక్కుండానే చేతిలో పెట్టేస్తారబ్బా, అదే నాకు మంట. నెల్లూరు తీసకపోయేసరికి నల్లగుడ్డు మీద తెల్లమచ్చ, అంచులు దూది పీకినట్టు. తిమ్మిరి చుక్కలేసి మచ్చ మీద కొంచెం గీకి మైక్రోస్కోప్ కింద చూసి ఫంగస్ అని అప్పుడే చెప్పేశారు, కల్చర్‌కి, అంటే ల్యాబులో ఆ క్రిమిని పెంచి చూసేదానికి మాత్రం ఇంకొన్ని రోజులు పట్టింది.

మందు నాటమైసిన్ 5 శాతం, పాలలాగా ఉంటాది, బాగా ఊపి వెయ్యాల, మొదట్లో గంటగంటకీ, రాత్రిళ్ళు కూడా. ఆ మందే తెల్లగా కంట్లో పేరుకుంటే వాళ్ళమ్మ పువ్వేసిందేమోనని ఒకటే ఏడుపు! వోరికొనజోల్ అనే ఇంకో ఫంగస్ మందు కొత్తది కదా అది రాయమని అడగబాకండి, తమిళనాడు అరవింద్ ఆసుపత్రుల్లో రెండూ పోల్చి చూసి 2013లో ఇచ్చిన ఫలితాల్లో నాటమైసినే మేలని తేలింది, ఫ్యుజేరియంకైతే మరీను. వారాలు పడతాది, ఎరుపు తగ్గిందని మధ్యలో ఆపొద్దు. మా పిల్లకి చూపు వచ్చింది గానీ చిన్న మచ్చ మిగిలింది.

లెన్స్ తీసెయ్యండి, పారెయ్యబాకండి. లెన్స్, డబ్బా, సొల్యూషన్, వేసిన డ్రాప్స్ సీసా అన్నీ కవర్లో ఏసుకోని ఈరోజే కార్నియా (నల్లగుడ్డు మీది పొర) డాక్టర్ దగ్గరికి పొండి, డబ్బాలోంచి కూడా కల్చర్ చేస్తారు. కుళాయి నీళ్ళతో లెన్స్ కడిగుంటే అదీ చెప్పండి, అప్పుడు అకాంతమీబా అనే నీళ్ళలో ఉండే సూక్ష్మజీవి కోసం కూడా చూడాల, దాని మందు వేరే.