చేపల వలలో పడే నీటి పాముకు విషం ఉంటుందా? చంపాల్సిందేనా?

చంపాల్సిన అవసరం అస్సలు లేదు. మీ వలలో పడ్డ పాముకు గోధుమ రంగు నున్నటి ఒళ్లు, వీపు పొడవునా రెండు లేత చారలు ఉన్నాయన్నారు కాబట్టి అది ఎన్‌హైడ్రిస్ ఎన్‌హైడ్రిస్ అనే శాస్త్రీయ నామం ఉన్న నీటి పాము జాతి అయి ఉండాలి. విషం ఉంటుంది గానీ స్వల్పమే. చేపల్ని లొంగదీసుకోవడానికి పనికొస్తుంది తప్ప మనిషి ప్రాణం తీసేంత కాదు.

చేపలు పట్టేవాళ్లతో నేనూ రాత్రుళ్లు నీళ్లలోకి దిగుతుంటాను. వల విప్పుతుంటే ఒకసారి నా బొటనవేలు పట్టుకుంది. ముళ్లు గుచ్చుకున్నట్టు అనిపించింది. కాస్త మంట, కొద్దిగా వాపు, మర్నాటికి తగ్గిపోయింది. దీని కోరలు నాగుపాముకు ఉన్నట్టు నోటి ముందు భాగంలో ఉండవు, పై దవడలో బాగా వెనక్కి ఉంటాయి. పట్టుకుని నమిలితే గానీ విషం సరిగ్గా దిగదు. అయితే కరిచింది ఏ పామో ఖాయంగా తెలియకపోతే నా అనుభవాన్ని నమ్ముకోవద్దు. కట్లపాము కూడా నీళ్ల దగ్గర తిరుగుతుంది. తాడు కట్టడం, గాటు పెట్టడం లాంటివి చేయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

నిజానికి మన వల్ల దానికే ఎక్కువ ప్రమాదం. ముక్కు రంధ్రాలు తల పైభాగాన ఉంటాయి, మునిగినప్పుడు మూసుకుంటాయి. కానీ ఊపిరి కోసం పైకి రావాల్సిందే. రాత్రంతా నీళ్లలో వదిలేసిన నైలాన్ వలలో చిక్కుకుంటే ఊపిరాడక చచ్చిపోతుంది. పొద్దున్నే వల లాగినప్పుడు తాడులా వేలాడుతూ కనిపించేవి చాలావరకు అలా పోయినవే. నాకు మహా బాధనిపించేది కడుపుతో ఉన్నవాటిని చూసినప్పుడు. ఈ పాము గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. పొట్ట ఉబ్బి ఉంటే పెద్ద చేపను మింగిందనుకుని కొట్టేస్తారు, తల్లితో పాటు పిల్లలూ పోతాయి.

కంబోడియాలోని టోన్లే సాప్ సరస్సులో అయితే వీటిని కావాలనే పడతారు. 2007లో వచ్చిన ఒక అధ్యయనం అక్కడ ఏటా సుమారు 69 లక్షల నీటి పాముల్ని పడుతున్నారని అంచనా వేసింది. అందులో ఈ జాతిది పెద్ద వాటా. అప్పట్లో చాలావరకు మొసళ్ల ఫారాలకు మేతగా పోయేవి. చేపలు తగ్గేకొద్దీ జనం పాముల మీద పడ్డారు, కాబట్టి వాళ్లను తప్పుపట్టాలని నాకు అనిపించదు.

ఈసారి మీ వలలో ప్రాణంతో దొరికితే లాగకండి, పొలుసులు చీరుకుపోతాయి. అది ఈ నీటి పామేనని నమ్మకం కుదిరితే తల మీద తడి గుడ్డ కప్పి, తోక వైపు నుంచి వల కన్నులు (రంధ్రాలు) ఒక్కొక్కటే కత్తిరించుకుంటూ రండి. మెడ దగ్గరి దారం చివర్లో తెంపండి. ఏ పామో అనుమానంగా ఉంటే మాత్రం చెయ్యి పెట్టొద్దు, పాములు పట్టడం తెలిసినవాళ్లను పిలవండి.