ఫోర్ వీల్ డ్రైవ్ బటన్ నొక్కినా ముందు చక్రాలు తిరగట్లేదా? ఏ పార్టూ కొనకముందు బండి కిందికి దూరి చూడండి

మీరు రాసింది చూస్తే, ఫోర్ హై (నాలుగు చక్రాలకీ పవర్ పంపే) బటన్ నొక్కగానే లైటు వెలుగుతోంది, కింద టక్‌మని చప్పుడూ వస్తోంది, కానీ మంచులో వెనక చక్రాలే జారుతున్నాయి, షాపులో ట్రాన్స్‌ఫర్ కేసే (పవర్‌ని ముందు, వెనక చక్రాలకి పంచే గేర్ల పెట్టె) మార్చాలన్నారు. ఇంకా డబ్బులు కట్టకండి. నాకూ ఇక్కడ మిషిగన్‌లో, నడి జనవరిలో, 2005 పికప్‌తో అచ్చం ఇదే జరిగింది. నేను తొందరపడి ట్రాన్స్‌ఫర్ కేసు మీదుండే మోటార్ కొని, గ్యారేజీలో చల్లటి నేల మీద పడుకుని బిగించాను. 280 డాలర్లు పోయాయి, బండిలో మార్పేమీ లేదు.

సంగతేంటంటే పని రెండు చోట్ల జరగాలి. ట్రాన్స్‌ఫర్ కేసు ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి (ముందు చక్రాల వైపు వెళ్లే పొడవాటి కడ్డీ) పవర్ పంపాలి, ముందు యాక్సిల్‌లో (చక్రాల ఇరుసు) ఉండే యాక్చువేటర్ అనే చిన్న పరికరం విడిగా ఉన్న ఒక పక్క షాఫ్ట్‌ని కలపాలి. ఇది కలపకపోతే, డిఫరెన్షియల్ (రెండు పక్కలకీ పవర్ పంచే గేర్లు) బుద్ధే అంత కదా, తేలిగ్గా తిరిగే వైపే తిప్పుతుంది, ఆ విడిగా ఉన్న ముక్క ఊరికే గిరగిరా తిరుగుతూ ఉంటుంది, చక్రాలకి ఏమీ అందదు.

ఏది చెడిందో తేల్చడానికి పైసా ఖర్చు లేదు. బండిని చదునైన చోట పెట్టి, పార్కులో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టండి (ట్రాన్స్‌ఫర్ కేసు పొరపాటున న్యూట్రల్‌లో పడితే పార్కు బండిని ఆపదు, దిమ్మలు మాత్రం మర్చిపోవద్దు). ఫోర్ హై నొక్కి, లైటు నిలిచాక ఇంజిన్ ఆపేసి, కిందికి దూరి ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని చేత్తో తిప్పండి. హాయిగా తిరిగిపోతే ట్రాన్స్‌ఫర్ కేసు వైపు చూడాలి: ఫ్యూజు, స్విచ్చి, మోటార్, ఆ వరసలో. బిగిసిపోయి ఉంటే చాలావరకు ట్రాన్స్‌ఫర్ కేసు తన పని చేసినట్టే, ముందు యాక్సిల్‌ని అనుమానించాలి.

నాది బిగిసే ఉంది. యాక్చువేటర్ ప్లగ్గు లాగితే లోపలంతా ఆకుపచ్చటి తుప్పు పొడి, ఒక పిన్ను నా వేళ్ల మధ్యే విరిగి వచ్చేసింది. ఇక్కడ చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కదా, డెట్రాయిట్ ఊరి కిందే ఉప్పు గని ఉంది మరి, అదంతా బండి కిందికే చేరుతుంది. వైరు ముక్కతో వచ్చే కొత్త ప్లగ్గు 18 డాలర్లు, సోల్డరింగ్ చేసి, వేడికి ముడుచుకునే ట్యూబు తొడిగి, తడి చేరకుండా డైఎలెక్ట్రిక్ గ్రీజు పెట్టాను. అంతే, బటన్ నొక్కగానే ముందు నుంచి జుయ్‌మని సన్నగా మోటార్ చప్పుడు, ఎన్ని నెలలైందో అది విని.

మీ ప్లగ్గు శుభ్రంగానే ఉంటే, ఫోర్ హై నొక్కి ఉంచి మల్టీమీటర్‌తో అక్కడ 12 వోల్టులు వస్తున్నాయో చూడండి. కరెంటు వచ్చినా కదలకపోతే యాక్చువేటరే పోయింది. కొన్ని బండ్లలో ఇది కరెంటుతో కాకుండా వాక్యూమ్‌తో (గాలి పీల్పుతో) నడుస్తుంది, మీది అలాంటిదైతే రబ్బరు గొట్టాల్లో పగుళ్లు వెతకండి. బ్యాటరీ నీరసంగా ఉన్నా ఈ వేషాలన్నీ వేస్తుంది, ముందు అది చూసుకోండి.

బాగయ్యాక పొడి తారు రోడ్డు మీద టెస్ట్ చేయకండి, మలుపులో గేర్లు పట్టేసి ఇంకో టెన్షన్ మొదలవుతుంది. మంచో, కంకరో ఉన్న చోట చూడండి. షాఫ్ట్ తిరిగిందో లేదో రాయండి, దాన్ని బట్టి చెప్తాను.