అకాడమీలో సంతకం పెట్టే ముందు ఇది చదువు

ఒరేయ్ చిన్నా,

నిన్న రాత్రి పదకొండు దాటాక మీ నాన్న ఫోన్ చేశాడు. ఆ వేళప్పుడు వాడి ఫోన్ అంటే విశాఖలో మీ నాయనమ్మకేదో అయిందనుకుని నా ప్రాణం పైకే పోయింది. తీరా చూస్తే "అక్కా, వాడికి స్కార్లెట్స్ రగ్బీ జట్టు అకాడమీలో చోటొచ్చింది, స్వాన్సీలో ఇంజనీరింగ్ సీటు ఏడాది వాయిదా వేస్తానంటున్నాడు, నువ్వైనా చెప్పవే" అంటాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. ఫోన్ పెట్టేశాక నాకూ అంతే, వీధిలోకి వెళ్లి అందరికీ చెప్పుకోవాలనీ అనిపించింది, నిన్ను పిలిచి రెండు తగిలించాలనీ అనిపించింది. ఇంగ్లీషులో రాస్తే చూసి బొటనవేలు బొమ్మ పెట్టి వదిలేస్తావు. తెలుగైతే కూడబలుక్కుని చదవాలి కదా, ఆ మాత్రం కష్టపడు.

మామూలు సంగతులు ముందు కానిచ్చేస్తాను. వేళకు నిద్రపో. మౌత్‌గార్డ్ లేకుండా ప్రాక్టీసుకి కూడా దిగకు. జిమ్‌లో పక్కవాడిని చూసి నీ బార్‌కి ప్లేట్లు ఎక్కించకు. ఏజెంట్ ఎంత మంచోడైనా, వెల్ష్ రగ్బీ ప్లేయర్స్ అసోసియేషన్ వాళ్లకు చూపించకుండా కాగితం మీద సంతకం పెట్టకు. ఓడిన రోజు ఫోన్ ముట్టుకోకు.

మీ అమ్మకి చెప్పలేక నీకే చెబుతున్న మాట ఒకటుంది. మీ అమ్మమ్మ పంపే లేహ్యాలు, అశ్వగంధ పొడి, ఆ పేరు తెలియని నల్ల గుళికలు, ఇకమీదట ఏదీ నోట్లో వేసుకోవద్దు. డోపింగ్ రూల్స్‌లో నీ ఒంట్లో దొరికితే తప్పు నీదే, ఎలా వచ్చిందన్నది తర్వాతి మాట. దక్షిణాఫ్రికా వింగ్ ఆటగాడు అఫీవే ద్యాంత్యీ 2018లో వరల్డ్ రగ్బీ బ్రేక్‌త్రూ ప్లేయర్. మరుసటి ఏడాది జూలైలో శాంపిల్ ఇస్తే నిషేధిత మందులు ఒకటి కాదు మూడు తేలాయి. తెలిసి తీసుకోలేదు, కల్తీ జరిగిందన్నాడు. నాలుగేళ్ల నిషేధం పడింది. ఆ ఏడాదే అతని దేశం ప్రపంచ కప్ గెలిచింది. జలుబు మాత్రలో ఉండే సూడోఎఫెడ్రిన్ కూడా మ్యాచ్ రోజున మోతాదు దాటితే నేరమే. కాబట్టి తుమ్మొచ్చినా ముందు టీమ్ డాక్టర్‌ని అడుగు, ఆయన దొరక్కపోతే నన్ను అడుగు. అమ్మమ్మ నొచ్చుకుంటుంది, ఆ సంగతి నేను చూసుకుంటాలే.

డబ్బు సంగతి కూడా కాస్త చెప్పాలి, ఎందుకంటే ఈ దేశంలో రగ్బీ పరిస్థితి నువ్వు గోడకంటించుకున్న పోస్టర్లలో కనిపించినట్టు లేదు. ఇంగ్లండ్‌లో 2022లో వూస్టర్, వాస్ప్స్, ఆ మరుసటి ఏడాది లండన్ ఐరిష్ క్లబ్బులు మూతపడ్డాయి. మన వేల్స్‌లో 2025 ఏప్రిల్‌లో కార్డిఫ్ జట్టు దివాలా అంచుకి వెళ్తే వేల్స్ రగ్బీ యూనియనే దాన్ని చేతుల్లోకి తీసుకుంది, అదే ఏడాది నాలుగు ప్రాంతీయ జట్లను మూడు చేస్తామన్నారు. అంటే చోట్లు తగ్గుతాయి, పోటీ పెరుగుతుంది. పోనీ ఫ్రాన్స్‌కో ఇంగ్లండ్‌కో పోదామంటే, బయట ఆడేవాడు వేల్స్ జట్టులోకి రావాలంటే ముందు 25 క్యాప్‌లు, అంటే దేశం తరఫున 25 మ్యాచ్‌లు, ఉండాలన్న నిబంధన ఉంది. ఇంకోటి, మీ నాన్నకి నువ్వు ఇండియా జెర్సీ వేసుకుంటే చూడాలని ఉంది. అమ్మానాన్నలు అక్కడ పుట్టారు కాబట్టి నీకు అర్హత ఉంది, నిజమే. కానీ ఒక్కసారి ఒక దేశం సీనియర్ జట్టుకి ఆడావంటే, ఇంకో దేశానికి మారడానికి కనీసం మూడేళ్లు అంతర్జాతీయ రగ్బీకి దూరంగా ఉండాలి, అదీ జీవితంలో ఒక్కసారే. వాడి ముచ్చట కోసం పందొమ్మిదేళ్లకే తొందరపడకు. హైదరాబాద్ హీరోస్ అని ఏడుగురేసి ఆడే సెవెన్స్ రగ్బీ లీగ్‌లో ఒక జట్టు ఉందిగా, అంత ముచ్చటైతే ఆ జెర్సీ ఒకటి కొనిపెట్టు.

ఇప్పుడు అసలు సంగతి.

నిరుడు కార్మార్థెన్‌లో మ్యాచ్ అయ్యాక నా కారులో వెనక సీట్లో కళ్లు మూసుకుని పడుకున్నావు, గుర్తుందా? రేడియో తగ్గించమన్నావు. ఏమైందిరా అంటే అలసట అన్నావు. నేను అద్దంలో నిన్నే చూస్తూ నడిపాను. మర్నాడు మీ ఇంటికొచ్చి తల తిరుగుతోందా, వెలుతురు చూడగలుగుతున్నావా అని అడిగితే "అత్తా, నువ్వు డాక్టర్‌వి కాబట్టి అన్నీ రోగాల్లా కనిపిస్తాయి" అన్నావు. ఆ మాటకి కోపం రాలేదు. ఆ మాట ఇంతకు ముందు ఇంకొకడి నోట విన్నాను కాబట్టి భయమేసింది.

వాడి ఊరూ పేరూ చెప్పను, అడగొద్దు. నేను శనివారాలు ఒక పల్లె క్లబ్బుకి టచ్‌లైన్ డాక్టర్‌గా వెళ్లే రోజులవి. వాన, బురద, చేతిలో సంచి, చెప్పుల్లోకి నీళ్లు, మొదటి సీజన్‌లో బూట్లు కొనుక్కోవాలని కూడా తెలియలేదు నాకు. వాడూ నీలాగే ఏడో నంబర్ ఫ్లాంకర్, పందొమ్మిదేళ్లు, రక్‌లో, అదే కిందపడ్డ బంతి మీద జరిగే పెనుగులాటలో, బంతి లాక్కోవడంలో దిట్ట. వాళ్ల నాన్న రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. కొడుకు ప్రతి మ్యాచ్‌కీ ఆయన గట్టు మీద ఒకే చోట నిలబడేవాడు. ఆ వారం మధ్యలో కప్ మ్యాచ్. పై వారం శనివారం ఒక పెద్ద జట్టు వాళ్లు వాడిని ట్రయల్‌కి పిలిచారు, ఊరంతా తెలుసు.

ట్యాకిల్‌కి వెళ్లినప్పుడు వాడి తల తప్పు వైపు పడింది. ఎదుటివాడి తుంటి ఎముక కణత మీద తగిలింది. పడ్డాడు, లేచాడు, రెండడుగులు అవతలి జట్టు వైపు నడిచాడు. నేను పరిగెత్తుకెళ్లాను. అప్పట్లో మేం అడిగేవి ఐదు ప్రశ్నలు. ఇది ఏ గ్రౌండ్, ఇప్పుడు ఏ హాఫ్, చివరి పాయింట్లు ఎవరు చేశారు, కిందటి వారం ఎవరితో ఆడారు, గెలిచారా. ఐదింటికీ ఎక్కాలు అప్పజెప్పినట్టు గడగడా చెప్పేశాడు. కోచ్ నా వైపు చూసి, సరే ఇంకేం అన్నట్టు చేతులు చాచాడు. నేను సంచి సర్దుకుంటుండగా వాడు మెల్లగా "డాక్టర్, ఇది ఏ హాఫ్?" అని అడిగాడు. అప్పుడే కదరా చెప్పింది!

బయటికి తీసుకొచ్చేశాను. కోచ్ తిట్టాడు, గట్టు మీద వాళ్లు తిట్టారు, ఒకాయన నా దేశాన్ని కూడా తిట్టాడు. మూడు వారాలు ఆడకూడదని కాగితం రాసి క్లబ్బుకిచ్చాను, అప్పటి రూల్ అదే. ఆ ఐదు ప్రశ్నల సంగతి తర్వాత వాడి స్నేహితుడే చెప్పాడు. ప్రతి మ్యాచ్ ముందూ డ్రెస్సింగ్ రూమ్‌లో జవాబులు బట్టీ పట్టేవాళ్లట, స్కోరు మారినప్పుడల్లా ఒకళ్లకొకళ్లు అందించుకునేవాళ్లట. దాన్ని వాళ్లు స్నేహమనుకున్నారు.

ట్రయల్ రోజున ఆ పెద్ద జట్టువాళ్లు వాడిని ఈ మధ్య దెబ్బలేమైనా తగిలాయా అని అడిగారు. లేదన్నాడు. నేను రాసిన కాగితం క్లబ్బు సొరుగులో ఉండిపోయింది. వాళ్ల నాన్న పక్కనే ఉన్నాడు, ఆయనా నోరు విప్పలేదు. రెండో దెబ్బ ఎలా తగిలిందో తెలుసా? చెప్పుకోదగ్గదేం కాదు. భుజానికి భుజం. స్పృహ కూడా పోలేదు, మ్యాచ్ మొత్తం ఆడాడు, బాగా ఆడాడని కూడా అన్నారు. ఆ రాత్రి వాంతులు మొదలయ్యాయి. చలికాలమంతా నల్ల కళ్లద్దాలు పెట్టుకుని నా క్లినిక్‌లో కూర్చునేవాడు, ట్యూబ్‌లైట్ భరించలేక నర్సు ఒక గదిలో దీపాలు ఆర్పి ఉంచేది. ఎలక్ట్రీషియన్ పని నేర్చుకుంటుండేవాడు, నిచ్చెనెక్కితే తల తిరిగేది, ఆ పని పోయింది. పెద్ద జట్టు నుంచి మళ్లీ ఫోన్ రాలేదు. మనిషి బతికే ఉన్నాడు, పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. కానీ ఉన్నట్టుండి అరుస్తాడట, తర్వాత ఎందుకు అరిచాడో వాడికే తెలియదట. ఒకరోజు వాళ్ల నాన్న ఒక్కడే వచ్చి బీపీ చూడమన్నాడు. చూశాను, బాగానే ఉంది. లేవలేదు. "ఒక్క శనివారమే కదా అనుకున్నాం డాక్టర్" అన్నాడు.

అందుకేరా ఇంత పొడుగు రాస్తున్నాను. ఇప్పుడు రోజులు మారాయని నువ్వంటావు. మారాయి, ఒప్పుకుంటాను. పెద్ద స్థాయిలో తల పరీక్షకు పన్నెండు నిమిషాలిస్తారు, నీ బదులు ఒకడు దిగుతాడు. 2024 నుంచి మౌత్‌గార్డ్‌లోనే సెన్సర్ పెట్టారు, 2025 మహిళల ప్రపంచ కప్‌లో దెబ్బ గట్టిదైతే ఆ గార్డ్‌లో లైటు కూడా వెలిగింది. అయినా, 2015 ఫిబ్రవరిలో కార్డిఫ్‌లో ఇంగ్లండ్‌తో మ్యాచ్‌లో, మన స్కార్లెట్స్‌లో పెరిగిన జార్జ్ నార్త్ రెండోసారి దెబ్బ తగిలి పడిపోయింది సోఫాలో కూర్చున్న నాకు కనిపించింది, గ్రౌండ్‌లో డాక్టర్లకు కనిపించలేదు. ఆడించారు. ఆడించి ఉండాల్సింది కాదని వరల్డ్ రగ్బీ తర్వాత చెప్పింది. మార్చిలో ఇంకో దెబ్బతో నెలల తరబడి ఆటకు దూరమయ్యాడు. యంత్రాలు, కెమెరాలు ఎన్ని పెట్టినా నీ తలలో ఏముందో ముందు తెలిసేది నీకే.

సీజన్ మొదట్లో నీకు మామూలుగా ఉన్నప్పుడే జ్ఞాపకశక్తి పరీక్ష పెడతారు, తర్వాత దెబ్బ తగిలితే దాంతో పోల్చడానికి. అందులో కావాలని తక్కువ తెచ్చుకునే తెలివిగాళ్లు ఉంటారు. నువ్వు అలా చేశావని తెలిసిందో, మీ కోచ్‌కి నేనే ఫోన్ చేస్తాను, నీ పరువు సంగతి చూడను.

రయాన్ జోన్స్ ఒకప్పుడు వేల్స్ కెప్టెన్. సిక్స్ నేషన్స్ టోర్నీలో అన్ని మ్యాచ్‌లూ గెలిస్తే వచ్చే గ్రాండ్‌స్లామ్‌లు మూడు గెలిచాడు. 2022లో, నలభై ఒక్క ఏళ్లకే, తనకు డిమెన్షియా మొదలైందని బయటికి చెప్పాడు. వేల్స్‌కే ఆడిన ఆలిక్స్ పోఫమ్‌కి నలభై ఏళ్లకే ఆ మాట చెప్పారు. ఇంగ్లండ్ హుకర్ స్టీవ్ థాంప్సన్‌కి 2003లో ప్రపంచ కప్ గెలిచింది గుర్తు లేదు. స్కాట్లండ్ పాత అంతర్జాతీయ ఆటగాళ్లు 412 మందిని గమనించిన గ్లాస్గో వాళ్ల లెక్క 2022లో వచ్చింది, మామూలు మనుషులతో పోలిస్తే నరాల క్షీణత జబ్బులు రెండున్నర రెట్లు ఎక్కువ. ఈ పేరా మాత్రం మీ అమ్మకి చదివి వినిపించకు.

ఆడొద్దని ఎందుకు అనడం లేదో చెప్పనా? నాకు ఈ ఆటంటే పిచ్చి కాబట్టి. 2023 అక్టోబర్ నుంచి వేల్స్ వరసగా పద్దెనిమిది టెస్టులు, అంటే అంతర్జాతీయ మ్యాచ్‌లు, ఓడితే అన్నీ చూశాను, 2025 జూలైలో జపాన్ మీద గెలిచిన పొద్దున సెలవు రోజైనా యూనిఫామ్ ఇస్త్రీ చేసేసుకున్నాను, చేతులు ఆగక. నేను ఈ ఊరొచ్చిన కొత్తలో క్లినిక్‌కి వచ్చిన ప్రతి ముసలాయనా 1972లో లానెల్లి క్లబ్ న్యూజిలాండ్‌ని 9-3తో కొట్టిన రోజు తాను స్ట్రాడీ పార్క్‌లో ఉన్నానని చెప్పేవాడు. అందరినీ లెక్కేస్తే ఆ గ్రౌండ్ ఏ మూలకీ చాలదు. వేల్స్ ఫుల్‌బ్యాక్ జేపీఆర్ విలియమ్స్ ఎముకల సర్జన్ కూడా అని తెలిసినప్పుడు, విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి ఎముకల వార్డులో నిద్రలేకుండా తిరిగొచ్చిన నాకు ఆ మనిషికి టైమ్ ఎక్కడిదో అర్థం కాలేదు. అయితే ఆయనది ఆటకి జీతం లేని అమెచ్యూర్ కాలం. 1995లో రగ్బీ జీతాల ఆటగా, ప్రొఫెషనల్‌గా మారాక కూడా జేమీ రాబర్ట్స్ వేల్స్‌కి ఆడుతూనే 2013లో డాక్టర్ పట్టా తెచ్చుకున్నాడు, మొత్తం 94 క్యాప్‌లు. కాబట్టి సీటు వాయిదా వేసుకో, వదులుకోకు. పార్ట్‌టైమ్‌కి ఒప్పుకుంటారేమో యూనివర్సిటీని ఇప్పుడే అడుగు.

ఇంకో మాట, ట్యాకిల్ గురించి. మీ నాన్న అనకాపల్లిలో కబడ్డీ ఆడినోడు, నీకు కాళ్లు పట్టడం నేర్పింది వాడే, ఇక్కడి కోచ్‌లు కిందికి వంగి పట్టే నీ ట్యాకిల్‌ని మెచ్చుకుంటుంటే వాడి ముఖం చూడాలి. కానీ కబడ్డీలో తల ఎటున్నా చెల్లిపోతుంది. ఇక్కడ ట్యాకిల్ చేయించుకున్నవాడికంటే చేసినవాడికే తల దెబ్బలు ఎక్కువ. నీ తల వాడి తుంటి వెనక ఉండాలి, ముందు కాదు. కుడి భుజంతో బాగానే చేస్తున్నావు. ఎడమ వైపు వచ్చేసరికి తల ముందుకు పెడుతున్నావు, నేను వీడియోల్లో చూశాను. ఈ ఒక్కటి కోచ్‌ని పట్టుకుని వేసవిలోనే సరిచేయించుకో.

నాయనమ్మకి ఫోన్ చెయ్యి. ఆవిడ బెంగంతా ముక్కు వంకరపోతే పిల్లనెవరిస్తారని.

మీ నాన్న వాట్సాప్‌లో పంపిన కాంట్రాక్టు ఫొటోల్లో ఒక పేజీ లేదు. గాయమైతే జీతం ఎన్ని నెలలిస్తారు, ఆపరేషన్ ఖర్చు ఎవరిది, క్లబ్ డాక్టర్ కాక రెండో అభిప్రాయానికి నీకు నచ్చిన డాక్టర్ దగ్గరికి వెళ్లే హక్కు ఉందా, ఇవన్నీ ఆ పేజీలోనే ఉండాలి. అది వెలుతురులో సరిగ్గా ఫొటో తీసి ఈ రాత్రికి పంపు. అది చదివేదాకా పెన్ను ముట్టుకోకు.

మీ అత్త