వైజాగ్‌లో గుంతలో పడి కారు పాడైతే నష్టపరిహారం ఇస్తారా?

అడగండి, తప్పకుండా అడగండి. నాకు ఇంకా పైసా రాలేదు. అయినా అదే చెబుతాను.

కిందటి ఏడాది ఆగస్టులో అమ్మకి కంటి చెకప్ చేయించి పెందుర్తి వైపు వస్తున్నాం. రాత్రి ఏడున్నర, సన్నగా వాన. గోపాలపట్నం దాటాక ఒక లోపలి రోడ్డులో నీళ్లు నిలిచి ఉన్నాయి, లోతు తెలియలేదు. ఎడమవైపు ముందు చక్రం దబ్బున దిగింది. అమ్మ ఒళ్లోని మందుల కవరు ఎగిరి కింద పడింది. ఫోన్ లైటు వేసి చూస్తే అల్లాయ్ రిమ్ అంచు లోపలికి మడతపడి ఉంది, టైరు పక్కన బెత్తెడు చీలిక. టీ బడ్డీ కుర్రాడు పరుగెత్తుకొచ్చి జాకీ వేశాడు. "ఈ వారంలో మీది నాలుగో బండండి. నిన్న స్కూటీ మీద ఒకావిడ పడిపోయింది, మోచెయ్యంతా రక్తం" అన్నాడు. అది విన్నాక నా కారు సంగతి చిన్నదైపోయింది.

మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్లాను. అది వానకి పడిన గుంత కాదు. పైపు కోసం రోడ్డుకి అడ్డంగా తవ్వి, పైన మట్టి, కంకర పోసి వదిలేశారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. రోడ్డు కటింగ్‌కి పర్మిషన్ ఇచ్చేటప్పుడు మళ్లీ రోడ్డు వేయడానికని డబ్బు కట్టించుకుంటారు. ఆ డబ్బు ఉండగా తారెందుకు వేయరు? మనం వానని, లారీలని తిట్టుకుంటాం గానీ, ఊళ్లో సగం గుంతలు తవ్వి వదిలేసినవే అని నా గట్టి నమ్మకం.

రిపేరుకి 17,900 అయింది. ఇన్సూరెన్స్ ఉంది కదా అంటారు. టైరు ఒక్కటే పోతే మామూలు పాలసీలో రాదు. బండికి కూడా దెబ్బ తగిలితేనే టైరు ఖరీదులో సగం ఇస్తారు. పైగా క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది. ఎవరో తవ్విన గోతికి నా బోనస్ ఎందుకు పోవాలి?

అర్జీ పట్టుకెళితే మొదటి ఆఫీసులో ఈ రోడ్డు మాది కాదన్నారు. రెండో చోటా అదే మాట. హైవే కేంద్రం వాళ్ల జాతీయ రహదారుల సంస్థ ఎన్‌హెచ్‌ఏఐది, కొన్ని రోడ్లు రాష్ట్ర రోడ్లు భవనాల శాఖ ఆర్ అండ్ బీవి, మిగతావి చాలావరకు కార్పొరేషన్‌వి. ఎవరిదో తేలకపోతే అర్జీ కదలదు. అందుకే ముందు సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. రోడ్డు ఎవరిది, తవ్వడానికి ఎవరికి, ఏ తేదీన పర్మిషన్ ఇచ్చారు, ఈ మూడే అడగండి. గుంత ఫోటోలో పక్కన షాపు బోర్డో, కరెంటు స్తంభం నంబరో పడేలా చూసుకోండి. టేపు పెట్టి లోతు కూడా తీయండి. నాది ఏడంగుళాలు.

2025 అక్టోబరులో బొంబాయి హైకోర్టు గుంతల వల్ల చనిపోతే 6 లక్షలు, గాయపడితే 50 వేల నుంచి 2.5 లక్షలు ఇవ్వాలని చెప్పింది. అది మహారాష్ట్ర సంగతి, మనుషులకి జరిగిన నష్టం గురించి. స్కూటీ మీద పడిన ఆవిడకి మన దగ్గరా అలాంటిది రావాలి.

నాకు జవాబు 27వ రోజున వచ్చింది. పర్మిషన్ ఇచ్చిన తేదీ ఉంది, రోడ్డు తిరిగి వేసిన తేదీ దగ్గర ఖాళీ. ఆ కాగితం జతచేసి మళ్లీ అర్జీ ఇచ్చాను. ఈసారి నా కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకునే దాకా కౌంటరు దగ్గర నుంచి కదల్లేదు.