సోషల్ నెట్‌వర్క్ మొత్తం వద్దు, ఒక్క ముక్క గట్టిగా కట్టండి

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. బీటెక్ సీఎస్ఈ మూడో ఏడు చదువుతున్నాను. నాన్నగారు రొయ్యల చెరువులు చేస్తారు. చెరువుల రైతులు కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ధరలు, జబ్బుల సంగతులు పంచుకునే సోషల్ నెట్‌వర్క్‌ను జాంగోలో (పైథాన్ భాషలో వెబ్‌సైట్లు కట్టే సాధనం) కట్టాలని ఉంది. నాన్నగారేమో హైదరాబాద్ వెళ్లి కోర్సు చేయమంటున్నారు. ఈ ప్రాజెక్టు ఉద్యోగానికి పనికొస్తుందా?

జవాబు: పనికొస్తుంది. కాకపోతే సైట్ మొత్తం తలకెత్తుకోకండి. ఫైనలియర్‌లో ఫేస్‌బుక్ లాంటివి కట్టిన పిల్లల్ని చాలామందిని చూశాను. లాగిన్, ఫొటోలు, లైకులు అన్నీ ఉంటాయి. ‘ఇది ఇలా ఎందుకు రాశావు’ అని అడిగితే మాత్రం నోట మాట రాదు.

జాంగో అమెరికాలోని కాన్సాస్‌లో ఒక స్థానిక వార్తాపత్రిక ఆఫీసులో పుట్టి, 2005లో బయటికొచ్చింది. వార్తలు రాసి ప్రచురించే పనికి పుట్టింది కాబట్టి యూజర్లు, పాస్‌వర్డ్‌లు, అడ్మిన్ పేజీ దాంతోపాటే వస్తాయి. ఒకరినొకరు ఫాలో అవడం, ఫీడ్ (ఫాలో అయినవాళ్ల పోస్టుల వరుస), బ్లాక్ చేయడం రావు. ఆ లోటు తీర్చడానికే 2008లో పినాక్స్ అనే ప్రాజెక్టు మొదలైంది. ఒక్కో సౌకర్యం ఒక్కో విడి యాప్, ఎవరికి కావలసింది వాళ్లు తగిలించుకోవచ్చన్నది దాని ఆలోచన. మీరూ అలాగే ఫాలో, ఫీడ్ వరకే ఒక యాప్ రాయండి. ధవళేశ్వరం ఆనకట్ట ఉండగా మనం కట్టుకోవలసింది మన చేలోకి తూమే కదా.

చిన్న పనిలా కనిపిస్తుంది గానీ లోతు ఇక్కడే ఉంది. యూజర్ టేబుల్‌ను దానితోనే మెనీ టు మెనీగా (ఒక్కొక్కరికి చాలామందితో బంధం ఉండేలా) కలిపితే జాంగో దాన్ని ఇరువైపులా స్నేహం అనుకుంటుంది. మీ నాన్నగారు ఒక ఆక్వా టెక్నీషియన్‌ను ఫాలో అయితే, ఆయన కూడా తిరిగి ఫాలో అయినట్టు చూపిస్తుంది. ఆ బంధం రాసేటప్పుడు సిమెట్రికల్ (ఇరువైపులా) అన్నచోట ఫాల్స్ (కాదు) పెట్టాలి. ఇక ఫీడ్‌లో 20 పోస్టులు చూపించి, ఒక్కోదానికి రాసినవాళ్ల పేరు విడిగా తెచ్చుకుంటే పోస్టుల కోసం ఒకసారి, పేర్ల కోసం 20 సార్లు, మొత్తం 21 సార్లు డేటాబేస్‌కు వెళ్లాలి. పోస్టుతోపాటే రాసినవాళ్ల పేరునూ తెచ్చే సెలెక్ట్ రిలేటెడ్ వాడితే ఒక్కసారి చాలు. ముందు ఎన్ని క్వెరీలు (డేటాబేస్‌ను అడిగిన సార్లు), తర్వాత ఎన్ని అన్నది రీడ్‌మీలో (ప్రాజెక్టు గురించి చెప్పే ఫైలు) రాయండి. ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఆగి చదివేది అదే.

ఇంకొకటి, ఎవరికి ఏది కనపడాలన్నది మొదటే తేల్చుకోండి. 100 కౌంటు ఎంతకు అమ్మారో, చెరువుకి వైట్ స్పాట్ (రొయ్యలకొచ్చే తెల్లమచ్చల జబ్బు) తగిలిందో ఊరందరికీ తెలియాలని ఏ రైతూ కోరుకోడు. ఈ విషయంలో మీ నాన్నగారి కంటే మంచి గురువు మీకు దొరకరు.

కోర్సు విషయంలో ఆయన మాట తీసిపారేయకండి. మీ భవిష్యత్తు గురించి టెన్షన్ పడుతున్నారు. ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌తో మాట్లాడే భాష), గిట్ (కోడ్‌లో మార్పులను భద్రపరిచే సాధనం) రాకపోతే రెండు నెలలు నేర్చుకోండి, తప్పేం లేదు. కానీ చేతిలో ఈ కోడ్ పట్టుకుని వెళ్తే, అక్కడ ఏం అడగాలో మీకు తెలుస్తుంది.

వచ్చే సెలవుల్లో యాప్‌ను మీ నాన్నగారి చేత, పక్క చెరువుల వాళ్లు ఇద్దరి చేత వాడించండి. పక్కనే కూర్చుని వాళ్లు ఎక్కడ తడబడ్డారో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి, ఇంటర్వ్యూకి అది కూడా పట్టుకెళ్లండి.